వెన్నుపాము దెబ్బ తర్వాత డిప్రెషన్: "కాళ్ళు రాకుండా మాత్రతో బాధెలా పోతుంది" అంటున్నాడు తమ్ముడు

అక్కని_నేను (ప్రశ్న)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా తమ్ముడికి 26 ఏళ్ళు. ఎనిమిది నెలల కింద బైక్ మీద నుంచి పడి వెన్నుపాముకి దెబ్బ తగిలింది, టి8 కంప్లీట్ అన్నారు (ఛాతీ వెనక భాగంలో ఎనిమిదో ఎముక దగ్గర, పూర్తి దెబ్బ), అంటే చేతులకి ఏం కాలేదు గానీ బొడ్డుకి కాస్త పై నుంచి కిందకి స్పర్శ లేదు, కదలిక లేదు. రిహాబ్‌లో ఉన్నన్నాళ్ళు బాగానే ఉన్నాడండీ, నాకు అర్థం కానిది అదే. అక్కడ మంచం మీద నుంచి వీల్‌చైర్‌లోకి తనే మారేవాడు, క్యాథెటర్ (యూరిన్ తీసే ట్యూబ్) తనే వేసుకునేవాడు, పక్క బెడ్ ఆయనకి కూడా వీడే నేర్పించాడు. ఇంటికొచ్చిన రెండు నెలలకి మొదలైంది. ఇప్పుడు పొద్దున లేపితే ఇంకాసేపు అంటాడు, ఆ ఇంకాసేపు కాస్తా మధ్యాహ్నం అయిపోతుంది. ఫోన్ ఛార్జింగ్ అయిపోయి మూడు రోజులైనా పట్టించుకోలేదు, ఒకప్పుడు ఆ ఫోన్ చేతిలోంచి దిగేది కాదు. పిరుదుల మీద ఎక్కడన్నా ఎర్రబడిందేమో చూసుకోడానికి పొడుగు కాడ ఉన్న అద్దం ఒకటి ఇచ్చారు రిహాబ్‌లో, రోజుకి రెండుసార్లు చూసుకునేవాడు. మొన్న ఊడుస్తుంటే అది మంచం కింద గోడవారన దొరికింది, దుమ్ము పట్టిపోయి. అక్కడే కూలబడి ఏడ్చేశాను.

పోయిన వారం రిహాబ్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే 9 ప్రశ్నల ఫారం నింపించారు, స్కోర్ 17 వచ్చింది, డిప్రెషన్ ఉంది, వెన్లాఫాక్సిన్ అనే మందు మొదలుపెడదాం, కౌన్సెలింగ్ కూడా కావాలి అన్నారు. వీడేమో ఇంటికొచ్చి చీటీ పక్కన పడేసి "నా కాళ్ళు పోయాయి కాబట్టి బాధగా ఉంది, కాళ్ళు రాకుండా మాత్రతో బాధెలా పోతుంది అక్కా, ఇది జబ్బు కాదు, నిజం" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

ఇంత జరిగినవాడికి బాధ ఉండదా, దాన్ని డిప్రెషన్ అని ఎలా తేలుస్తారు? మందు వేస్తే ఇప్పటికే ఇబ్బందిగా ఉన్న మోషన్, యూరిన్ ఇంకా మొండికేస్తాయని ఎక్కడో చదివాను, నిజమేనా? కాళ్ళలో స్పాజమ్స్ (కండరాలు వాటంతటవే బిగుసుకుపోవడం) కూడా ఉన్నాయి, వాటికి బాక్లోఫెన్ వాడుతున్నాడు. ఇంకోటి, రాయడానికే చెయ్యి ఆడట్లేదు, రెండుసార్లు "నేను లేకపోతే మీకు హాయి" అన్నాడు. అమ్మకి చెప్పలేదు.

చక్రాలమీద_11ఏళ్ళు

అక్కా, ముందు చివరి లైన్ గురించి మాట్లాడతా, మిగతావన్నీ తర్వాత. ఆ మాట అన్నవాడిని మీరు నేరుగా అడగండి. చచ్చిపోవాలని అనిపిస్తోందా, ఎలా అని ఏమన్నా అనుకున్నావా అని అదే మాటల్లో అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని అందరికీ భయం, అలా జరగదు, అడిగినందుకు చాలామందికి గుండె బరువు తగ్గుతుంది, నాకు తగ్గింది. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, బాక్లోఫెన్‌తో సహా, మీ దగ్గర తాళంలో పెట్టుకుని ఏ రోజువి ఆ రోజు ఇవ్వండి. బాక్లోఫెన్ మాత్రం ఆపేయకండి, అది ఒక్కసారిగా ఆపితే చాలా ప్రమాదం. ఎలా చెయ్యాలో కూడా అనుకున్నా అని చెప్తే ఆ రోజు ఒంటరిగా వదలకుండా అప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. అమ్మగారికి కూడా చెప్పండి, ఒక్కరే మోయలేరు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. మా లాంటి వాళ్ళకి ప్రాణం మీదికి రావడానికి మాత్రలు మింగక్కర్లేదు, ఊరికే ఒళ్ళు వదిలేస్తే చాలు. నీళ్ళు తాగడం మానేస్తే, క్యాథెటర్ టైమ్ దాటించేస్తే, వీల్‌చైర్‌లో కూర్చున్నప్పుడు ఒళ్ళు లేపకుండా గంటలు గంటలు అలాగే ఉంటే పుండ్లు, ఇన్ఫెక్షన్లు వాటంతటవే వస్తాయి. మీరు చెప్పిన అద్దం అదేనక్కా. దాన్ని బద్ధకం అనుకోకండి. నాది సి6, అంటే మెడ దగ్గర దెబ్బ, చేతివేళ్ళు కూడా పనిచేయవు, రెండో ఏట నేను సరిగ్గా ఇదే చేశాను, పిరుదు మీద పుండు ఎముక దాకా పోయి ఐదు నెలలు బోర్లా పడుకోవాల్సి వచ్చింది. అప్పట్లో అందరూ పుండుకి కట్లు కట్టారు గానీ వీడు ఎందుకు కదలట్లేదు అని ఒక్కరూ అడగలేదు.

మీ తమ్ముడు అన్న మాట నేనూ అన్నాను, దాదాపు అవే మాటలు. దానికి నాకు తర్వాత దొరికిన సమాధానం ఏంటంటే, కాళ్ళు పోయిన బాధ ఒకటి, డిప్రెషన్ ఇంకోటి, రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి కాబట్టి ఒకటే అనిపిస్తుంది. కాళ్ళు పోయిన బాధ నాకు ఇప్పటికీ ఉంది. మెట్లు చూస్తే వస్తుంది, వస్తుంది పోతుంది. డిప్రెషన్ అలా కాదు, అప్పుడు నాకు ఇష్టమైన క్రికెట్ మ్యాచ్ పెట్టినా గోడ చూసినట్టే ఉండేది, నా వల్ల ఇంట్లో వాళ్ళ జీవితం పాడైంది అన్న ఒక్క మాటే రోజంతా తిరిగేది. మందుతో, కౌన్సెలింగ్‌తో పోయింది అది. కాళ్ళు రాలేదు. అయినా పోయింది.

నిజంచెప్తా

ఈ డిప్రెషన్ మందులు ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలవు అక్కా, మత్తులో ఉంచుతాయి. కుర్రాడికి విల్‌పవర్ ముఖ్యం. ఇంతకంటే పెద్ద దెబ్బలు తగిలినవాళ్ళు మెడల్స్ కొట్టారు, అలాంటి వీడియోలు చూపించండి. పైగా ఈ దశ అందరికీ వస్తుంది, దాటాల్సిందే, దానంతటదే పోతుంది.

రిహాబ్_వార్డు_డాక్టర్

నేను ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్‌లో పనిచేస్తాను, వెన్నుపాము దెబ్బ పేషెంట్లని రోజూ చూస్తాను. మీ తమ్ముడిని చూడలేదు కాబట్టి ఇది చికిత్స కాదు, మీ డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తుందని రాస్తున్నా.

పైన ఒకరు "ఈ దశ అందరికీ వస్తుంది" అన్నారు, ఆ మాట వల్లే చాలామందికి వైద్యం అందట్లేదు కాబట్టి ముందు దానికి జవాబు. వెన్నుపాము దెబ్బ తగిలినవాళ్ళలో డిప్రెషన్ వచ్చేది సుమారు ఐదుగురిలో ఒకరికి, కొంచెం అటూ ఇటూ. బయట జనంలో కంటే బాగా ఎక్కువే, కానీ ఎక్కువమందికి రాదు అని కూడా దాని అర్థం. డిప్రెషన్ అనే మెట్టు ఎక్కి దిగితేనే మనసు కుదుటపడుతుంది అనేది పాత నమ్మకం, అలా ఒక వరసలో దశలు ఉంటాయని పరిశోధనల్లో తేలలేదు. వచ్చినవాళ్ళకి వైద్యం చెయ్యకపోతే నెలలు, ఒక్కోసారి ఏళ్ళు ఉండిపోతుంది. ఆత్మహత్య ప్రమాదం కూడా మామూలు జనంతో పోలిస్తే చాలా రెట్లు ఎక్కువ, అదీ దెబ్బ తగిలిన మొదటి కొన్నేళ్ళలోనే. కాబట్టి చూద్దాంలే అనే విషయం కాదిది. మెడల్స్ వీడియోల గురించి ఒక్క మాట, డిప్రెషన్‌లో ఉన్నవాడికి అవి "వాళ్ళు చేశారు నేను చెయ్యలేకపోయాను" అని ఇంకో రాయిలా పడతాయి, ఇప్పుడొద్దు.

బాధా జబ్బా ఎలా తేలుస్తారని అడిగారు. ఆ ఫారం 27కి ఉంటుంది, 10 దాటితే మేము ఆగి వివరంగా మాట్లాడతాం, 17 అంటే బాగా ఎక్కువే. ఇందులో మా పేషెంట్ల విషయంలో ఒక చిక్కుంది, నిద్ర సరిగ్గా లేకపోవడం, నీరసం, ఆకలి లేకపోవడం ఇవన్నీ డిప్రెషన్ లేకుండా కూడా వస్తాయి. రాత్రి పక్క మార్చడానికి లేపుతారు, స్పాజమ్ వచ్చి మెలకువ వస్తుంది, బాక్లోఫెన్‌కి మగతగా ఉంటుంది. అందుకే నేను ముందు రెండు ప్రశ్నల మీదే ఎక్కువసేపు ఉంటాను, మనసు దిగులుగా ఉందా, ఒకప్పుడు ఇష్టమైనవి ఇప్పుడు ఇష్టంగా ఉన్నాయా, రెండు వారాలుగా రోజులో ఎక్కువ భాగం అలాగే ఉందా అని. తర్వాత నా వల్ల అందరికీ భారం అనే ఆలోచన ఉందా అని. మీ తమ్ముడి ఫోన్ సంగతి, ఆయన అన్న మాటలు చూస్తే స్కోర్‌ని నిద్ర ఒక్కటే పెంచినట్టు నాకు అనిపించట్లేదు.

మందు మొదలుపెట్టే ముందు మీ డాక్టర్ ఇవి చూశారో లేదో అడగండి. రక్తహీనత, థైరాయిడ్, విటమిన్ డి. యూరిన్ ఇన్ఫెక్షన్ లోపల్లోపల ఉంటే కూడా మనిషి మూలన పడిపోతాడు. యాక్సిడెంట్‌లో తలకి దెబ్బ తగిలిందా అనేది చాలా ముఖ్యం, వెన్నుపాము గొడవలో తల సంగతి మర్చిపోతుంటారు, చిన్న దెబ్బైనా ఏకాగ్రత తగ్గడం, ఉత్సాహం పోవడం దానివల్ల కావచ్చు. నిద్రలో గురక, ఊపిరి ఆగినట్టవడం ఉందా, మెడ దగ్గర దెబ్బ ఉన్నవాళ్ళలో అది మరీ ఎక్కువ. నరాల మంట నొప్పి ఉందా, ఉంటే దానికి వైద్యం జరుగుతోందా. నొప్పి తగ్గకుండా మనసు తేరుకోవడం కష్టం, మనసు తేరుకోకుండా నొప్పి తగ్గడమూ అంతే.

ఇక మందు. వెన్లాఫాక్సిన్ ఎందుకు రాశారంటే ప్రత్యేకంగా వెన్నుపాము దెబ్బ ఉన్నవాళ్ళ మీదే దీన్ని పరీక్షించిన మంచి ట్రయల్ ఒకటుంది, 2015లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చింది, 133 మంది, 12 వారాలు, సగం మందికి మందు, సగం మందికి ఉత్తి మాత్ర. నిజాయితీగా చెప్పాలంటే మొత్తం స్కోర్‌లో రెండు గ్రూపుల మధ్య తేడా తేలలేదు. కానీ నిద్ర, ఆకలి లాంటి శరీర లక్షణాలు పక్కన పెట్టి దిగులు, అపరాధ భావం, పనుల మీద ఆసక్తి ఇలాంటి అసలు లక్షణాలు మాత్రమే కొలిచే స్కేల్ మీద మందు తీసుకున్నవాళ్ళు ఎక్కువ బాగుపడ్డారు. అందుకే నేను మందుని ఒంటరిగా పంపను, కౌన్సెలింగ్‌తో కలిపే పంపుతా.

సైడ్ ఎఫెక్ట్స్ గురించి మీ భయం నిజమే, కానీ ప్లాన్ చేసుకుంటే నడుస్తుంది. మలబద్ధకం కొంచెం పెరగొచ్చు, ముందే చెప్తే బవెల్ ప్రోగ్రామ్ (మోషన్‌కి వెళ్ళే టైమ్, పద్ధతి) మారుస్తాం. చెమటలు పడతాయి, చెమట తడి చర్మానికి మంచిది కాదు, ఆ అద్దం బయటికి తీయాల్సిందే. బీపీ పెరగొచ్చు కాబట్టి చూస్తుండాలి. ఈ మందులతో కొంతమందికి స్పాజమ్స్ ఎక్కువైనట్టు అనిపిస్తుంది, మొదటి వారాల్లో గమనించి చెప్పండి. నొప్పికి ట్రమడాల్ వాడుతుంటే తప్పకుండా డాక్టర్‌కి చెప్పండి, ఈ రెండూ కలిస్తే ప్రమాదం కావచ్చు. పాతకాలం అమిట్రిప్టిలిన్ లాంటివి డిప్రెషన్ డోసులో ఇస్తే యూరిన్ ఆగిపోవడం, మోషన్ గట్టిపడడం వీటన్నిటికంటే ఎక్కువ, మీరు చదివింది బహుశా వాటి గురించి. ఇంకోటి, కుర్రవాళ్ళు అడగడానికి మొహమాటపడతారు, ఈ మందుల వల్ల సెక్స్ విషయంలో కూడా తేడాలు వస్తాయి, దెబ్బ వల్ల ఇప్పటికే ఉన్నవాటి మీద ఇది తోడవుతుంది. డాక్టర్ అడగకపోతే తనని అడగమనండి, మీరు బయట కూర్చోండి.

పనిచేయడం మొదలవ్వడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం మొదటి వారంలోనే వస్తాయి, అందుకే చాలామంది పదో రోజు మానేస్తారు. మొదటి వారాల్లో చిరాకు, అస్థిమితం పెరిగితే, చచ్చిపోవాలన్న ఆలోచన ఎక్కువైతే అదే రోజు ఫోన్ చెయ్యండి, పాతికేళ్ళ లోపు వాళ్ళలో దీన్ని మరీ కనిపెట్టి ఉంటాం, మీ తమ్ముడు దానికి దగ్గరే. ఇవి మత్తు మందులు కావు, అలవాటు పడే రకం కాదు, కానీ సడెన్‌గా ఆపితే కళ్ళు తిరగడం, తలలో షాక్ కొట్టినట్టు అనిపించడం ఉంటుంది, ఆపేటప్పుడు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

అక్కని_నేను

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి అడిగానండీ నేరుగా. చేతులు వణికాయి. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "అనిపిస్తుంది, కానీ చెయ్యను, ఏం చెయ్యాలని కూడా అనుకోలేదు" అన్నాడు, తర్వాత ఇద్దరం ఏడ్చాం. మందులు నా దగ్గర పెట్టుకున్నా. అమ్మకి చెప్పాను. డాక్టర్‌కి పొద్దున్నే ఫోన్ చేస్తే మూడు రోజుల్లో రమ్మన్నారు. తలకి దెబ్బ సంగతి ఎవరూ అడగలేదు నిజంగానే, యాక్సిడెంట్ రోజు కాసేపు స్పృహ లేదు వాడికి, ఇది చెప్తాను.

కౌన్సెలింగ్‌కి రానంటున్నాడు. "కూర్చుని నా కథ చెప్తే ఏమొస్తుంది" అంటున్నాడు. అక్కడ ఏం చేస్తారు అసలు?

చక్రాలమీద_11ఏళ్ళు

అడిగారు చూడండి, అదే పెద్ద పని అక్కా.

కథ చెప్పడం కాదు అది, నాకైతే హోమ్‌వర్క్ ఇచ్చేవారు. మొదటి వారం ఏం చెయ్యమన్నారో తెలుసా, కిటికీ దగ్గర కూర్చుని గడ్డం గీసుకోమన్నారు. అంతే. వేళ్ళు పనిచేయవు కదా, అరచేతికి పట్టీ కట్టి దాంట్లో రేజర్ దూర్చుకోవాలి, నలభై నిమిషాలు పట్టింది, ఒక పక్క మిగిలిపోయింది. చేసే ముందు ఎంత మూడ్ ఉంది, చేశాక ఎంత ఉంది అని పదికి ఒక నంబర్ వేసుకోమన్నారు. ముందు 2, తర్వాత 3. ఆ 1 తేడా చూపించి, మూడ్ వచ్చాక పని చేద్దాం అనుకుంటున్నావు, నీకు పని చేశాక మూడ్ వస్తోంది చూడు అన్నారాయన. తర్వాత వారం ఇంకోటి, అలా పెంచుకుంటూ పోయారు. నా వల్ల అందరి జీవితం పాడైంది అన్న మాటని కూడా ఊరికే ఓదార్చి వదిలెయ్యలేదు, ఆ మాట నిజమని నీ దగ్గర ఉన్న ఆధారం ఏంటి, కాదనడానికి ఉన్న ఆధారం ఏంటి అని కాయితం మీద రాయించారు. నేను నోటితో చెప్తే ఆయన రాశారులెండి. ఇంటి దగ్గర నుంచి కదలడం కష్టమైతే ఫోన్‌లో, వీడియోలో కూడా చేస్తారు.

ఇంకొకటి, తనలాంటి దెబ్బ ఉండి కొన్నేళ్ళు గడిచిన మనిషిని ఒకర్ని కలపండి, రిహాబ్ వాళ్ళని అడిగితే చెప్తారు. నా దగ్గరికి వచ్చినాయన నాకేం ధైర్యం చెప్పలేదు, కారులోంచి వీల్‌చైర్ దించుకుని లోపలికొచ్చి, బయటికెళ్ళినప్పుడు యూరిన్ బ్యాగ్ లీకైతే ఏం చేస్తావో తెలుసా అని అడిగాడు. ఏ డాక్టరూ నాతో మాట్లాడని విషయం. గంటన్నర మాట్లాడుకున్నాం.

తమ్ముడిది టి8 కాబట్టి ఇది అరుదు గానీ చదివే వేరేవాళ్ళ కోసం, టి6 దగ్గర గానీ దానికి పైన గానీ దెబ్బ ఉన్నవాళ్ళకి ఉన్నట్టుండి తలనొప్పి, చెమటలు, మొహం ఎర్రబడి, గుండెల్లో గాభరా వస్తే అది టెన్షన్ అని కొట్టెయ్యకండి. బ్యాగ్ నిండిందా, క్యాథెటర్ మెలిక పడిందా చూడండి, బీపీ ప్రమాదకరంగా పెరిగిపోతుంది అప్పుడు. నన్ను ఒకసారి ప్యానిక్ అని కూర్చోబెట్టారు, ట్యూబ్ నా తొడ కింద నలిగిపోయి ఉంది.

తనకి_తోడు

మా ఆయనకి దెబ్బ తగిలి నాలుగేళ్ళు. అమ్మా, నీ గురించి ఒక్క లైన్ కూడా రాయలేదు నువ్వు. రాత్రుళ్ళు పక్క మార్చడానికి ఎవరు లేస్తున్నారు? నువ్వే అయితే వారంలో రెండు రాత్రులైనా ఇంకొకరు లేచేలా చూసుకో. నేను చెయ్యలేదు, ఆయన తేరుకున్నాక నేను పడిపోయాను, నాకూ మందు వాడాల్సి వచ్చింది.

నేను చేసిన ఇంకో తప్పు, ఆయన బాధ చూడలేక అన్నీ నేనే చేసేశాను. ఒళ్ళు తుడవడం, చొక్కా గుండీలు, అన్నీ. ఆయన చేతులు బాగానే ఉన్నాయి! ఒకరోజు థెరపిస్ట్ నన్ను పక్కకి పిలిచి, మీరు ఆయనకి మిగిలినవి కూడా తీసేసుకుంటున్నారు అన్నారు. మనసులో పొడిచినట్టయింది గానీ నిజం. తెల్లారి నుంచి గుండీలు వదిలేశాను. పది నిమిషాలు పడుతున్నా నేను వేరే గదిలో కూర్చునేదాన్ని, చూస్తే సాయం చెయ్యడానికి చెయ్యి ముందుకి పోతుంది కదా.

అక్కని_నేను

ఏడు వారాల తర్వాత రాస్తున్నా, ఎవరన్నా ఇదే వెతుక్కుంటూ వస్తే పనికొస్తుందని.

మందు మొదలుపెట్టాం, తక్కువ డోసుతో. తల స్కాన్ చేశారు, పెద్దగా ఏం లేదన్నారు. విటమిన్ డి మాత్రం బాగా తక్కువుంది, దానికీ ఇచ్చారు. మొదటి పది రోజులు నరకం, వికారం, చెమటలు, మూడు రోజులు మోషన్ రాలేదు, మానేస్తానని గొడవ. డాక్టర్ గారు ఇక్కడ ముందే చెప్పారు కాబట్టి పదో రోజు మానేస్తారట అందరూ అని నేను వాడికి ఇదే థ్రెడ్ చదివి వినిపించాను. బవెల్ ప్రోగ్రామ్ టైమ్ మార్చారు, సర్దుకుంది. స్పాజమ్స్ పెరగలేదు.

కౌన్సెలింగ్‌కి ఒప్పించింది నేను కాదు. టి10 ఉన్న ఒకాయన్ని కలిపారు రిహాబ్ వాళ్ళు, ఆయన రెండోసారి వచ్చినప్పుడు నేనూ వెళ్ళాను అన్నాడట, వీడు తర్వాత రోజు తనే ఫోన్ చేసుకున్నాడు. ఛార్జింగ్ పెట్టి మరీ. ఇప్పుడు వారానికి ఒకసారి వీడియోలో మాట్లాడతాడు, తలుపేసుకుని. ఏం మాట్లాడతాడో నేను అడగను.

మొన్న స్కోర్ 11. ఇంకా కొన్ని రోజులు లేవడు. నిన్న లేవలేదు. కానీ "హాయి" అన్న మాట మళ్ళీ అనలేదు, నేను వారానికోసారి అడుగుతూనే ఉన్నా, "లేదక్కా, నీ ప్రశ్నే వస్తుంది" అంటున్నాడు. రాత్రుళ్ళు వారంలో మూడుసార్లు నాన్న లేస్తున్నారు.

ఒక డౌట్, డోస్ పెంచాక రాత్రి నిద్ర పట్టట్లేదంటున్నాడు, రాత్రి వేస్తున్నాం మాత్ర. పొద్దున వెయ్యొచ్చా?

రిహాబ్_వార్డు_డాక్టర్

17 నుంచి 11 మంచి మార్పు, కానీ ఇది మధ్యలోనే ఉంది, ఇక్కడ ఆగిపోకూడదు. బాగుంది కదా అని మానెయ్యకుండా, పూర్తిగా తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటాం మామూలుగా. ఈ మందుకి నిద్ర చెడడం ఉంటుంది, చాలామందికి పొద్దున తిన్నాక వెయ్యమనే చెప్తాం. అయితే టైమ్ మార్చేటప్పుడు ఒకే రోజు రెండు డోసులు పడకూడదు, ఎలా మార్చాలో రేపు మీ డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగాకే మార్చండి, బీపీ ఎంతుందో కూడా అప్పుడే చెప్పండి.